నాలుగు మీటర్ల ఎడం: పవర్ కాటమరాన్ ఎందుకు ఒరగదు, ఎందుకు కుదుపుతుంది

రెండు సన్నని హల్స్ (నీటిలో తేలే పడవ ఒడళ్లు) మీద నిలబడే మోటారు పడవను పవర్ కాటమరాన్ అంటారు. అది ఒరగదని పేరు. అంత నిలకడైన పడవలో, పక్కనుంచి అరమీటరు అల తగిలితే చాలు, అరల్లోని కప్పులు ఎందుకు దొర్లిపడతాయని చాలామంది అడుగుతారు. ఒరగకపోవడానికీ కుదుపుకీ కారణం ఒక్కటే: హల్స్ మధ్య ఉన్న ఎడం.

ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పక్కనున్న మోర్టన్ బే నుంచి ఉత్తరాన విట్సండే దీవుల దాకా ఈ పడవలు విరివిగా తిరుగుతాయి. అక్కడ కనిపించే 12 మీటర్ల పడవనే తీసుకుందాం. బరువు 10 టన్నులు. నీటి మట్టం దగ్గర ఒక్కో హల్ వెడల్పు 1.5 మీటర్లు, రెండిటి నడిమి గీతల మధ్య దూరం 4 మీటర్లు.

మన బడుల్లో గరిమనాభి ఎంత కిందికి ఉంటే అంత నిలకడ అని చెప్పి పాఠం ముగించేస్తారు. తేలే వస్తువుల విషయంలో అది సగం మాటే. పడవ నీటిని ఎంత వెడల్పున ఆనుకుని ఉంది అన్నది అంతకంటే ముఖ్యం, ఎందుకంటే ఆ దూరం వర్గమై లెక్కలోకి వస్తుంది. నీటి మట్టం దగ్గర ఒక్కో హల్ కోత వైశాల్యం సుమారు 13.5 చదరపు మీటర్లు. పడవ నడిమి నుంచి హల్ దూరం 2 మీటర్లు, దాని వర్గం 4. రెండు హల్స్‌కు కలిపి 108. హల్స్ సొంత వెడల్పు వల్ల మరో 4 చేరి 112 అవుతుంది. దీన్ని పడవ తొలగించిన నీటి ఘనపరిమాణం 9.76తో భాగిస్తే 11.5 మీటర్లు వస్తుంది. మెటాసెంటర్, అంటే పడవ కాస్త ఒరిగినప్పుడు నీటి పైతోపు గీత పడవ నడిమి గీతను తాకే చోటు, ఉత్ప్లవన కేంద్రానికి (ఆ తోపు పనిచేసే బిందువుకు) అంత ఎత్తున ఉంటుందన్నమాట. అది ఎంత పైన ఉంటే అంత నిలకడ. అదే పొడవు, అదే బరువు, 3.5 మీటర్ల వెడల్పు ఉన్న ఒంటి హల్ పడవకు ఇది 2.6 దగ్గరే ఆగిపోతుంది.

ఇలాంటి పడవ 13 డిగ్రీలు ఒరిగేసరికి గాలివైపు హల్ నీటిలోంచి పూర్తిగా లేస్తుంది. నిలబెట్టే శక్తి అక్కడే గరిష్ఠం, సుమారు 17 టన్ను-మీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల గాలి 25 చదరపు మీటర్ల పక్కభాగాన్ని నెట్టినా ఒరగదోసే శక్తి 2 టన్ను-మీటర్లు దాటదు. తెరచాప లేని ఈ పడవను గాలి ఒక్కటే పడదోయడం దాదాపు అసాధ్యం. పక్కనుంచి విరుచుకుపడే పెద్ద కెరటం మాత్రం పడదోయగలదు. ఒకసారి తిరగబడితే అంతే గట్టిగా తలకిందులుగా నిలబడిపోతుంది, దానంతట అది లేవదు.

ఇక కుదుపు సంగతి. గట్టి స్ప్రింగుకు కట్టిన బరువు వేగంగా ఊగినట్టే, ఇంత బిర్రుగా నిలబడే పడవ పక్కలకు ఊగే ఆవర్తన కాలం సుమారు 2 సెకన్లే ఉంటుంది. ఇప్పుడు 8 మీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అల పక్కనుంచి వచ్చిందనుకోండి. శృంగానికీ ద్రోణికీ మధ్య 4 మీటర్లు, సరిగ్గా హల్స్ ఎడం! ఒక హల్ శృంగం మీద ఉంటే రెండోది ద్రోణిలో ఉంటుంది. పైగా లోతు నీటిలో అలాంటి అల ఆవర్తన కాలం 2.26 సెకన్లు, పడవ సొంత ఊపుకు పక్కనే. కొలతా కాలమూ రెండూ ఒకేసారి కలిసిరావడం నాకు ఎప్పుడూ అబ్బురమే. అల ఎత్తు అరమీటరైనా పడవ 7 డిగ్రీలు అటూ ఇటూ విసురుతుంది. అక్షానికి 3 మీటర్ల పైన, ఫ్లైబ్రిడ్జి (పైకప్పు మీది స్టీరింగ్ వేదిక) మీద కూర్చున్నవారికి ఆ విసురు ఒక్కటే గురుత్వ త్వరణంలో పావు వంతుకు మించి పక్కకు తోస్తుంది. ఆటు నీటికి ఎదురుగాలి వీచినప్పుడు మోర్టన్ బేలో లేచే పొట్టి అలలు ఇలాంటివే.

దీనికి మందు దిశ మార్చడం. 8 నాట్ల (గంటకు సుమారు 15 కిలోమీటర్ల) వేగంతో వెళుతూ అలలను ముందునుంచి 45 డిగ్రీల కోణంలో తీసుకుంటే అవి 1.2 సెకన్లకొకటి తగులుతాయి. వెనకనుంచి అదే కోణంలో తీసుకుంటే 12 సెకన్లు దాటుతుంది. ఎటు తిప్పినా 2 సెకన్ల నుంచి బయటపడ్డట్టే.

వెనక అలలతో మరో చిక్కు ఉంది. శీతాకాలంలో అక్కడ ఆగ్నేయపు గాలులు వీస్తాయి, ఉత్తరానికి వెళ్లే పడవలకు అలలు వెనకనుంచే వస్తాయి. సన్నని ముక్కుల్లో తేలే శక్తి తక్కువ. పెద్ద అల ముందువైపు వాలు దిగుతూ ముందున్న అలను దాటబోతే రెండు ముక్కులూ నీటిలో గుచ్చుకుని, పడవ చుక్కానికి లొంగకుండా పక్కకు తిరుగుతుంది. వైడ్ బే బార్ లాంటి ఇసుక మేటల మొగలో ఇదే అసలు ప్రమాదం. పోటు చివర్లో, పగటిపూట దాటాలి. వేగం తగ్గించి ఒకే అల వీపు మీద ఉండాలి, దాన్ని మించిపోకూడదు. ముక్కులోని బరువు వెనక్కి చేర్చాలి. 10 మిల్లీమీటర్ల లంగరు గొలుసు 80 మీటర్లు ఉంటే దాని బరువే 180 కిలోలు.

బరువు లెక్క తప్పితే ఇంకో దెబ్బ. ఈ పడవ 277 కిలోలకు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతుంది. హల్స్ మధ్యనున్న అడుగుభాగానికీ నీటికీ మధ్య ఖాళీ పొడవులో కనీసం 5 శాతం, అంటే 60 సెంటీమీటర్లు ఉండాలని వాడుక. 65 ఉన్న పడవలో 2 టన్నుల సామాను అదనంగా ఎక్కిస్తే 58కి వస్తుంది. అప్పుడు ఎదురలలు అడుగున దభీమని కొడతాయి.

రేవులో హల్స్ మధ్య ఉన్న ఆ దూరమే వరం. ప్రొపెల్లర్లు 4 మీటర్ల దూరంలో ఉంటాయి గనక ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వేస్తే పడవ ఉన్నచోటే తిరుగుతుంది. చుక్కానులు మధ్యలో పెట్టి, థ్రాటిల్ ముట్టుకోకుండా, గేరు రెండు మూడు సెకన్లు వేసి న్యూట్రల్‌కు తేవాలి. వెనక్కి తిరిగే ప్రొపెల్లర్ తోపు తక్కువ, అందుకే పడవ కాస్త ముందుకు జరుగుతూనే ఉంటుంది. ఎడమ ఇంజను ఆగిపోతే గట్టును ఎడమవైపు ఉంచుకుని చేరాలి. ఆపడానికి కుడి ఇంజను రివర్సులో వేసినప్పుడు ముక్కు కుడికి తొలగి, వెనకభాగం గట్టుకు చేరుకుంటుంది.

చివరిగా, ఎక్కువమందికి తట్టని విషయం. ఒక హల్‌లోకి 500 కిలోల నీరు చేరినా ఈ పడవ అరడిగ్రీయే ఒరుగుతుంది. మనిషి కాళ్లకు అది తెలియదు. ప్రతి హల్‌లోని ప్రతి అరకూ విడిగా నీటి అలారం ఉండాలి. బయలుదేరే ముందు ఒక్కో ఫ్లోట్ స్విచ్‌నూ (నీరు చేరితే తేలి అలారం మోగించే మీటను) చేత్తో లేపి, స్టీరింగ్ దగ్గర అలారం మోగుతోందో లేదో వినాలి.