నాయిస్‌లో మునిగిన పల్స్‌లు: అపోహలు - వాస్తవాలు

విజయనగరం వైపు జూట్ మిల్లులో స్పీడ్ పికప్ (చక్రం వేగాన్ని పసిగట్టే సెన్సర్) అయినా, పైడిభీమవరం ఫార్మా ప్లాంటులో ఫ్లో మీటరైనా, పలాస జీడిపప్పు యూనిట్‌లో గింజల కౌంటరైనా ఫిర్యాదు ఒక్కటే: సెన్సర్ పంపే పల్స్‌ల (ఒక్క క్షణం లేచి పడే వోల్టేజిల) లెక్క కలవట్లేదు. వెంటనే అందరి చెయ్యీ త్రెషోల్డ్ పాట్ (ఎంత వోల్టేజి దాటితే పల్స్‌గా లెక్కించాలో పెట్టే నాబ్) మీదకే పోతుంది. ముందు తేల్చుకోవాల్సింది నాయిస్ (సిగ్నల్‌లో కలిసే అక్కర్లేని విద్యుత్ గోల) ఏ రకమో.

అపోహ: త్రెషోల్డ్ పెంచితే దొంగ పల్స్‌లు పోతాయి.

పోతాయి, వాటితోపాటు అసలువీ పోతాయి. ఎంత పెంచాలన్నది కంటి అంచనాతో తేలదు. మన మిషను ఆపి, పక్క మిషన్లూ వాటి వీఎఫ్‌డీలూ (మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు) నడుస్తుండగానే, సెన్సర్ వైరు తీయకుండా 10,000 శాంపిల్స్ (వోల్టేజి కొలతలు) రికార్డు చేయండి. మిల్లుకు సెలవు రోజున తీసిన కొలత ఎందుకూ పనికిరాదు. వాటి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (సిగ్మా, అంటే కొలతలు సగటు నుంచి ఎంత చెదిరాయో) కట్టండి. సెకనుకు 10,000 శాంపిల్స్ చదువుతూ త్రెషోల్డ్‌ను సగటుకు 3 సిగ్మాల పైన పెడితే, నాయిస్ ఒక్కటే సెకనుకు 13 దాకా దొంగ లెక్కలు ఇస్తుంది. 4 సిగ్మాలైతే మూడు సెకన్లకొకటి, 5 సిగ్మాలైతే సుమారు ఆరు నిమిషాలకొకటి.

ఇదంతా యాదృచ్ఛిక నాయిస్ సంగతి. వీఎఫ్‌డీ, కాంటాక్టర్ (మోటార్లను ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్) స్పైక్‌లు ఈ లెక్కకు లొంగవు, 20 సిగ్మాల ఎత్తుకైనా లేస్తాయి. అయితే వాటి వెడల్పు సాధారణంగా ఒకటి రెండు శాంపిల్సే. అసలు పల్స్ పది శాంపిల్స్ ఉంటే, ఐదు శాంపిల్స్ మీడియన్ ఫిల్టర్ (ఐదింటిలో మధ్య విలువను తీసుకునేది) స్పైక్‌ను తీసేసి పల్స్‌ను దాదాపు అలాగే వదిలేస్తుంది. అక్కడ మూవింగ్ యావరేజ్ (వరుస శాంపిల్స్ సగటు) పెట్టారో, స్పైక్ కాస్తా పొట్టిగా, వెడల్పుగా మారి పల్స్ వేషం కడుతుంది.

అపోహ: నాయిస్ కంటే చిన్న పల్స్‌ను పట్టలేం.

మీ జేబులో ఫోన్ ఆ పని రోజూ చేస్తోంది. జీపీఎస్ సిగ్నల్ నాయిస్ కంటే దాదాపు వంద రెట్లు బలహీనం. అయినా దొరుకుతుంది, ఎందుకంటే దాని ఆకారం రిసీవర్‌కు ముందే తెలుసు. 1943లో డి.ఓ. నార్త్ చూపించిన మ్యాచ్డ్ ఫిల్టర్ (తెలిసిన ఆకారంతో పోల్చి పల్స్‌ను వెతికే ఫిల్టర్) సారం ఇదే: ముఖ్యం పల్స్ ఎత్తు కాదు, దాని మొత్తం శక్తి. ఫ్లో మీటర్ పల్స్ 1 మిల్లీసెకండ్ వెడల్పు ఉంటే, సెకనుకు 10,000 శాంపిల్స్ మీద అది పది శాంపిల్స్. ఆ పదీ కూడితే సిగ్నల్ 10 రెట్లు, యాదృచ్ఛిక నాయిస్ 3.16 రెట్లే పెరుగుతుంది. మళ్లీ మళ్లీ వచ్చే పల్స్ అయితే 100 సార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయండి, నాయిస్ పదో వంతుకు దిగుతుంది.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. పల్స్ వచ్చే సమయం దాని వెడల్పులో సగం అటూ ఇటూ జరిగినా సగటు అలుక్కుపోతుంది. మీ ట్రిగ్గర్ (ప్రతి రికార్డూ మొదలయ్యే సంకేతం) 50 హెర్ట్జ్ కరెంటుతో కదం కలిపి నడుస్తుంటే, ఎన్ని వేల సార్లు సగటు తీసినా హమ్ (ఆ కరెంటు గోల) చెక్కుచెదరదు.

అపోహ: ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) బిట్లు ఎక్కువుంటే చాలు.

ఆర్డుయినో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో 10 బిట్లు. 5 వోల్టుల రిఫరెన్స్ మీద ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు. 2 మిల్లీవోల్టుల పల్స్‌కు కావాల్సింది ముందు యాంప్లిఫైయర్. నాయిస్ బొత్తిగా లేకపోయినా ఇబ్బందే: నాయిస్ కనీసం ఒక మెట్టంత కదిలితేనే ఓవర్‌శాంప్లింగ్ (ఎక్కువ శాంపిల్స్ తీసి సగటు కట్టడం) పనిచేస్తుంది, అప్పుడు నాలుగు రెట్ల శాంపిల్స్‌కు ఒక బిట్ లాభం. ఎల్‌ఎం393 లాంటి కంపారేటర్‌కు (రెండు వోల్టేజిలను పోల్చే చిప్‌కు) 5 మిల్లీవోల్టుల దాకా ఆఫ్‌సెట్ (పోలికలో పుట్టుకతో ఉండే తేడా) ఉండొచ్చు, అంతకంటే చిన్నదాన్ని నేరుగా ఇస్తే ఫలితం అదృష్టమే. దానికి ప్లస్ ఇన్‌పుట్ దగ్గర 10 కిలోఓమ్, అవుట్‌పుట్ నుంచి అక్కడికే 1 మెగాఓమ్ రెసిస్టర్లు పెడితే 5 వోల్టుల మీద సుమారు 50 మిల్లీవోల్టుల హిస్టెరిసిస్ (ఆన్ అయ్యే, ఆఫ్ అయ్యే వోల్టేజిల మధ్య తేడా) వస్తుంది. అవుట్‌పుట్‌కు పుల్-అప్ రెసిస్టర్ (అవుట్‌పుట్‌ను సప్లైకి కలిపేది) మర్చిపోకండి.

అపోహ: ఫిల్టరంతా సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవచ్చు.

సెకనుకు 1,000 శాంపిల్స్ తీస్తుంటే, వీఎఫ్‌డీ వదిలే 4,030 హెర్ట్జ్ గోల మీ డేటాలో 30 హెర్ట్జ్‌గా కూర్చుంటుంది. ఒకసారి కూర్చున్నాక ఏ కోడూ దాన్ని విడదీయలేదు. ఏడీసీకి ముందే ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్ ఫిల్టర్) ఉండాలి. సెకనుకు 10,000 శాంపిల్స్ తీసేచోట 1 కిలోఓమ్, 0.1 మైక్రోఫారడ్ వేస్తే కటాఫ్ (ఆపై ఫ్రీక్వెన్సీలు తగ్గడం మొదలయ్యే హద్దు) 1.6 కిలోహెర్ట్జ్. ఒక్క స్టేజీ శాంప్లింగ్ రేటులో సగమైన 5 కిలోహెర్ట్జ్ దగ్గర మూడో వంతుకే తగ్గిస్తుంది గనుక రెండు స్టేజీలు వేయడం మేలు.

అపోహ: నెమ్మదిగా తిరిగేటప్పుడు లెక్క తప్పితే పికప్ పాడైనట్టే.

మాగ్నెటిక్ పికప్ వోల్టేజి వేగాన్ని బట్టి వస్తుంది. 1,500 ఆర్‌పీఎం దగ్గర 3 వోల్టులిచ్చేది 50 దగ్గర 100 మిల్లీవోల్టులే ఇస్తుంది. ముందు పికప్ మొన తుడవండి. లోపలున్న అయస్కాంతం ఇనుప రజనును లాగి గడ్డం కట్టించుకుంటుంది, దాని మీద జనపనార ధూళి పేరుకుంటుంది. తర్వాత గ్యాప్ చూడండి, సాధారణంగా 0.5 నుంచి 1 మిల్లీమీటరు. త్రెషోల్డ్‌ను గత పల్స్ శిఖరంలో ఒక భాగంగా కోడ్‌లో జరుపుతూ పోండి. ఎల్‌ఎం1815 చిప్ ఇదే పని హార్డ్‌వేర్‌లో చేస్తుంది. 60 పళ్ల చక్రం 1,500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 1,500 పల్స్‌లిస్తుంది. ఒక పల్స్ పట్టాక 0.3 మిల్లీసెకండ్లు కళ్లు మూసుకుంటే చాలు. స్విచ్‌కు వాడే 50 మిల్లీసెకండ్ల డీబౌన్స్ (కాంటాక్టుల అదురు ఆగేదాకా లెక్కించకపోవడం) ఇక్కడ అతికిస్తే ఒక్కో దెబ్బకు 75 దాకా పల్స్‌లు గల్లంతు.

అపోహ: షీల్డ్‌ను (కేబుల్ వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగును) రెండు చివర్లా ఎర్త్ చేస్తే రక్షణ రెట్టింపు.

పికప్ కేబుల్‌కు ప్యానెల్ వైపు ఒక్క చివరే చేయండి, లేకపోతే రెండు ఎర్త్‌ల మధ్య తేడా కరెంటు షీల్డ్‌లోంచే పారుతుంది. రెండు చివర్లా చేయాల్సింది వీఎఫ్‌డీ నుంచి మోటారుకెళ్లే పవర్ కేబుల్ షీల్డ్‌ను. చాలా ప్యానెళ్లలో ఈ రెండూ తారుమారుగా కనబడతాయి.

గింజల కౌంటర్‌లో ఫోటోడయోడ్ (వెలుగును కరెంటుగా మార్చే సెన్సర్) వాడేవాళ్లకు ఒక మాట. చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ మినుకు 50 కాదు, 100 హెర్ట్జ్. ఎల్‌ఈడీ వెలిగించి ఒక శాంపిల్, ఆర్పి 100 మైక్రోసెకండ్లలో ఇంకోటి తీసి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. ఆ కాస్త వ్యవధిలో ట్యూబ్‌లైట్ వెలుగు పెద్దగా మారదు, మిగిలేది ఎల్‌ఈడీ వెలుతురే.