చెరగని మెమరీ వస్తే ‘సేవ్’ పోతుందా?

కరెంటు పోయినా చెరగని ర్యామ్ వస్తే ప్రోగ్రాముల్లో ఇక ‘సేవ్’ అక్కర్లేదు కదా అని చాలామంది అడుగుతుంటారు. అక్కరే. పైగా ఆ పని ఇంకాస్త తిప్పలు పెడుతుంది.

2019లో ఇంటెల్ తెచ్చిన ఆప్టేన్ మాడ్యూళ్లు ఇలాంటివే. 128, 256, 512 జీబీ సైజుల్లో, మామూలు ర్యామ్ స్లాట్లలోనే కూర్చునేవి. ఎక్కడో ఒక చోట చదవాలంటే సుమారు 300 నానోసెకన్లు పట్టేది. ర్యామ్‌తో పోలిస్తే దాదాపు మూడింతలు, ఎస్‌ఎస్‌డీతో పోలిస్తే లెక్కలోకే రాదు.

చిక్కంతా ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్యలో ఉన్న చిన్న, వేగమైన తాత్కాలిక నిల్వతో, అంటే క్యాష్‌తో. ‘స్టోర్ అంటే మెమరీలో రాయడం’ అని పాఠాల్లో చెప్పేసి ముందుకు పోతారు. నిజానికి ప్రాసెసర్ రాసేది క్యాష్‌లోకి. కరెంటు పోతే అది చెరిగిపోతుంది. అందులోని ఏ 64 బైట్ల ముక్క (లైను) ముందు మెమరీకి చేరుతుందో ప్రోగ్రామ్ చేతిలో లేదు.

లింక్డ్ లిస్ట్‌లో (ఒక్కో నోడ్ తర్వాతి నోడ్ అడ్రస్‌ను దాచుకునే గొలుసు, మొదటి నోడ్ అడ్రస్ ఉండేది హెడ్‌లో) కొత్త నోడ్ చేర్చడం చూడండి. ముందు నోడ్ నింపాం, తర్వాత హెడ్‌ను దానివైపు తిప్పాం. రెండూ వేర్వేరు లైన్లు. హెడ్ ఉన్న లైను ముందు బయటపడి, అంతలో కరెంటు పోయిందనుకోండి. మళ్లీ ఆన్ చేస్తే చిరునామా ఉంటుంది, అక్కడ ఇల్లుండదు. మామూలు ర్యామ్‌లో రెండూ కలిసే పోయేవి కాబట్టి ఈ వరస గురించి ఎవరికీ పట్టలేదు.

మందు ఇది: నోడ్ రాయాలి. అది ఆక్రమించిన ప్రతి లైనుకూ సీఎల్‌డబ్ల్యూబీ (లైనును క్యాష్ నుంచి మెమరీ వైపు పంపే, అంటే ఫ్లష్ చేసే ఆదేశం) ఇవ్వాలి, తర్వాత ఒక ఎస్‌ఫెన్స్ (ముందువి పూర్తయ్యేదాకా తర్వాతి రాతల్ని ఆపే ఆదేశం). అప్పుడు హెడ్ రాసి, మళ్లీ సీఎల్‌డబ్ల్యూబీ, ఎస్‌ఫెన్స్. హెడ్ కచ్చితంగా 8 బైట్ల హద్దు మీద మొదలయ్యే 8 బైట్లే కావాలి, ఎందుకంటే సగం పాతది సగం కొత్తది కాకుండా నిలుస్తుందన్న భరోసా అంతవరకే. అంతకన్నా పెద్ద మార్పుకి పాత విలువను ముందు లాగ్‌లో దాచుకోవాల్సిందే. మొదటి ఎస్‌ఫెన్స్ మర్చిపోతే ప్రోగ్రామ్ నెలల తరబడి బాగానే నడుస్తుంది, సరిగ్గా ఆ సందులో కరెంటు పోయిన రోజున తప్ప. ప్లగ్గు పీకి పరీక్షిస్తే ఇది దొరకడం అదృష్టమే. ఫ్లష్ కాని రాతల్ని పట్టిచ్చే పీమెమ్‌చెక్ లాంటి సాధనం నయం.

సీఎల్‌డబ్ల్యూబీ దాటిన డేటా మెమరీ కంట్రోలర్ క్యూలో ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడానికి పీకమిట్ అనే ఆదేశం కూడా పెట్టాలనుకుని 2016లో విరమించుకున్నారు. కరెంటు పోతున్నప్పుడు ఆ క్యూను మెమరీలోకి దించే పూచీ హార్డ్‌వేర్‌కే అప్పగించారు. తర్వాతి తరంలో క్యాష్‌నూ ఇలాగే కాపాడే ఏర్పాటు వచ్చింది. దానికి మరింత శక్తి నిల్వ కావాలి. ఫ్లష్ బాధ తప్పుతుంది, లాగ్ బాధ తప్పదు.

లినక్స్‌లో ఇంకో గోతి ఉంది. ఫైల్‌సిస్టమ్‌ను డ్యాక్స్‌తో (ఫైలును నేరుగా ఆ చెరగని మెమరీలోనే అందించే పద్ధతి) మౌంట్ చేయకపోతే మీరు రాసేది మామూలు ర్యామ్‌లో ఫైళ్ల నకళ్లుండే పేజ్ క్యాష్‌లోకే. ఎన్ని ఫ్లష్‌లు ఇచ్చినా వృథా. అందుకే ఫైలును ప్రోగ్రామ్ అడ్రస్‌లకు తగిలించే (మ్యాప్ చేసే) ఎమ్‌మ్యాప్‌ను పిలిచేటప్పుడు మ్యాప్_షేర్డ్_వ్యాలిడేట్‌తో పాటు మ్యాప్_సింక్ అనే ఫ్లాగ్ అడగాలి. ఆ సౌకర్యం లేకపోతే ఎమ్‌మ్యాప్ అక్కడికక్కడే ఎర్రర్ ఇస్తుంది.

ఇక పాయింటర్లు, అంటే మెమరీ అడ్రస్‌లను పట్టుకునే విలువలు. రేపు ఆ ఫైలు వేరే అడ్రస్‌లో మ్యాప్ కావచ్చు, కాబట్టి దాచాల్సింది అడ్రస్ కాదు, ఫైలు మొదటి నుంచి ఎంత దూరమో. ‘రీస్టార్ట్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అన్న మూఢనమ్మకానికీ ఇక్కడ కాలం చెల్లింది. చోటు కేటాయించి, లిస్టులో తగిలించేలోపు ప్రోగ్రామ్ కూలితే ఎవరికీ అందని ఆ చోటు, అంటే ఆ లీక్, శాశ్వతం. కేటాయింపు, తగిలింపు ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే రెండూ, లేదంటే ఏదీ కాకుండా) జరగాలి.

ఆప్టేన్ లోపల 256 బైట్ల దిమ్మల్లో పనిచేసేది. చెల్లాచెదురుగా 64 బైట్లు రాస్తే మొత్తం దిమ్మను చదివి, మార్చి, తిరిగి రాయాలి. డేటాను వెతకడానికి వాడే బీ-ట్రీల నోడ్‌లను 256 బైట్ల గుణిజాల్లో కట్టింది అందుకే.

2022లో ఇంటెల్ ఈ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. సమస్య మాత్రం మిగిలే ఉంది. ప్రాసెసర్‌కు మెమరీ లాంటి పరికరాలను కలిపే సీఎక్స్ఎల్ 2.0 ప్రమాణంలో గ్లోబల్ పర్సిస్టెంట్ ఫ్లష్ అని ఒక ఏర్పాటుంది. ప్రాసెసర్ క్యాష్‌లలో ఉన్నదాన్ని, ఆ లింకు అవతల ఉన్న మెమరీ పరికరం దాకా, కరెంటు పూర్తిగా పోయేలోపు తోసేయడం దాని పని.