హైబ్రిడ్ లారీకి డీజిల్ ఎక్కడ మిగులుతుంది?

డీజిల్ ఇంజనుతోపాటు బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ లారీల ఆదా గురించి వినిపించే పెద్ద అంకెలు చాలావరకు హైవే లారీలవి కావు. అవి ఊళ్లో పార్శిళ్లు పంచే వ్యాన్లవి. ఈ తేడా తెలియకపోతే లారీ ఓనరు అప్పు చేసి మరీ నష్టపోతాడు.

అమెరికాలో 2004లో ఫెడెక్స్ అనే పార్శిల్ సంస్థ, ఈటన్ కంపెనీ తయారుచేసిన హైబ్రిడ్ వ్యవస్థ ఉన్న వ్యాన్లను రోడ్డెక్కించింది. తర్వాత యూపీఎస్ అనే మరో పార్శిల్ సంస్థ నడిపిన అలాంటి వ్యాన్లను ఆ దేశపు జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ఏడాదిపాటు పరీక్షించింది. మైలేజీ 28 శాతానికి పైగా పెరిగింది. అంటే డీజిల్ కూడా 28 శాతం తగ్గిందని కాదు, లెక్కేస్తే తగ్గింది సుమారు 22 శాతమే. అయినా అది మంచి ఆదానే. వీధివీధికీ ఆగే బండి బ్రేకు వేసిన ప్రతిసారీ మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటే బండిని లాగుతుంది.

హైవే మీద కథ వేరు. గంటల తరబడి ఒకే వేగంతో పోయే లారీకి బ్రేకు పనే తక్కువ. గాలిని చీల్చడానికీ, టైర్ల రాపిడికీ ఖర్చయిన శక్తి తిరిగి రాదు. పైగా డీజిల్ ఇంజను బాగా పనిచేసేది ఇలాంటి నిలకడ వేగంలోనే. 40 టన్నుల లారీని 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపినా అందులో ఉండేది 3 యూనిట్లలోపు కరెంటుకు సమానమైన శక్తి. అదే లారీ 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే దాదాపు 11 యూనిట్లు! మన ఘాట్ రోడ్లలో చిన్న గేరులో దిగుతూ డ్రైవర్లు ఇంజనులోనూ, బ్రేకుల వేడిగానూ పోగొట్టేది ఈ శక్తినే.

ఈ సంగతి జపాన్ బాగా పట్టుకుంది. 1991లోనే హైబ్రిడ్ బస్సు అమ్మిన హినో కంపెనీ, 2019లో ప్రొఫియా అనే భారీ హైబ్రిడ్ లారీ తెచ్చింది. ముందున్న 100 కిలోమీటర్ల ఎత్తుపల్లాలను లెక్కగట్టి, బ్యాటరీని ఎప్పుడు నింపాలో, ఎప్పుడు వాడాలో అదే తేల్చుకుంటుంది. ఆదా సుమారు 15 శాతమని కంపెనీ మాట. వోల్వో తన 2017 ప్రయోగాత్మక లారీలో హైబ్రిడ్ వల్ల మాత్రమే వచ్చే ఆదా 5 నుంచి 10 శాతమని చెప్పింది. నాకు ఈ అంకెలే నమ్మదగ్గవిగా అనిపిస్తాయి. ఎక్కువ కిలోమీటర్లు తిరిగే లారీకి 5 శాతం కూడా చిన్న డబ్బు కాదు. కాకపోతే బ్యాటరీ ధర, దాని బరువు వల్ల తగ్గే లోడు కూడా లెక్కలోకి రావాలి.

వ్యాపారంగా ఇది అంత తేలిగ్గా నిలబడలేదు. ఈటన్ 2014లో ఉత్తర అమెరికాలో హైబ్రిడ్ అమ్మకాలు ఆపేసింది. పెద్ద లారీలకు విద్యుత్ సాయం అందించే వ్యవస్థలతో మొదలైన హైలియాన్ అనే అమెరికా కంపెనీ, 2023 నవంబరులో ఆ వ్యాపారాన్నే మూసేసింది. మరోపక్క కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఎడిసన్ మోటార్స్ అనే చిన్న సంస్థ, కొండల మీద నుంచి దుంగలు దించే లారీలకు డీజిల్-ఎలక్ట్రిక్ వ్యవస్థ తయారు చేస్తోంది. అక్కడ లారీ ఖాళీగా ఎక్కుతుంది, నిండు లోడుతో దిగుతుంది.