బ్రౌన్ బెల్ట్ దగ్గరే ఆగిపోతున్న ఆడపిల్లలు: కరాటేలో అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో ఆడపిల్లకి ఏడెనిమిదేళ్లు రాగానే కరాటేకి పంపడం ఇప్పుడు మామూలే. పదమూడు, పద్నాలుగు వచ్చేసరికి మాన్పించడం కూడా అంతే మామూలైపోయింది. అప్పటికి నడుముకి బ్లాక్ బెల్ట్‌కి ముందు మెట్టైన బ్రౌన్ బెల్ట్ ఉంటుంది, విద్య అప్పుడప్పుడే ఒంటబడుతుంటుంది. రాయగడలో కరాటే నేర్పుతున్నదాన్ని కాబట్టి, మాన్పించేటప్పుడు చెప్పే కారణాలన్నీ నా చెవిన పడతాయి. వాటిలో చాలావాటికి ఆధారం లేదు.

అపోహ: పెద్దమనిషి అయ్యాక కాళ్లు ఎత్తి తంతే గర్భసంచి జారుతుంది, పిల్లలు పుట్టరు.

తల్లులు దీన్ని గొంతు తగ్గించి అడుగుతారు. "మేడం, మా అత్తగారు వద్దంటున్నారు" అంటారు. గర్భసంచి కటి ఎముకల మధ్య భద్రంగా ఉంటుంది, కిక్ కొడితే జారిపోదు. నెలసరిలోనూ ప్రాక్టీస్ చేయొచ్చు. నొప్పి ఎక్కువగా ఉన్న పిల్లకి ఆ రోజు కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడటం) పెట్టను, కటా (ఒక్కరే వరసగా చేసే కదలికలు) నెమ్మదిగా చేయిస్తాను.

భయపడాల్సింది వేరే ఉంది. సీనియర్ మహిళల కుమితేలో 50, 55, 61, 68 కిలోల లోపు, 68 పైన అని విభాగాలుంటాయి. ఒక్క కిలో తగ్గితే కింది విభాగంలో ఆడొచ్చని పస్తులుండే అమ్మాయిలున్నారు. తిండి చాలక, ప్రాక్టీస్ ఎక్కువై నెలసరి ఆగితే ఎముకలు బలహీనపడతాయి. కళ్లు తిరుగుతున్నాయి, ఆయాసం వస్తోంది అంటే రక్తపరీక్ష చేయించండి. మన పిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ. అలా బరువు తగ్గించమని చెప్పే కోచ్ దగ్గర పిల్లని ఉంచొద్దు.

అపోహ: ముఖం మీద దెబ్బలు పడతాయి, రేపు సంబంధాలు రావు.

ప్రపంచ కరాటే ఫెడరేషన్ నియమాల్లో పంచ్‌కి 1 పాయింట్, ఒంటి మీద కిక్‌కి 2, తలకి వేసే కిక్‌కి 3. దెబ్బ అదుపు తప్పి గట్టిగా తగిలితే కొట్టినవాళ్లకే శిక్ష. గ్లోవ్స్, పళ్లకి గార్డ్, ఛాతీకి రక్షణ ఉంటాయి. మోకాలు మెలిపడటం, మడమ బెణకడం మాత్రం జరుగుతుంటాయి, అది దాచను.

అపోహ: పెంకులు, ఇటుకలు పగలగొడితేనే అసలైన కరాటే.

స్కూలు వార్షికోత్సవాల్లో ఇదే చూపిస్తారు, జనం చప్పట్లు కొడతారు. పన్నెండేళ్ల పిల్లల చేతి ఎముకల చివర్లు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. అక్కడ మెత్తటి పొర ఉంటుంది, అది దెబ్బతింటే ఎముక వంకరగా ఎదగొచ్చు. ఎవరెంత అడిగినా నా క్లాసులో చిన్నపిల్లల చేత పెంకు కొట్టించను. అదే స్టేజీ మీద ఒక కటాని తడబడకుండా చేసే పిల్ల నాకు ఎక్కువ గర్వం.

అపోహ: కరాటేని బోధిధర్ముడే మన దేశం నుంచి తీసుకెళ్లాడు.

అది ఐతిహ్యం. కరాటే జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో రూపుదిద్దుకుంది, అక్కడి పాత విద్యలోకి చైనా విద్యలు వచ్చి కలిశాయి. ఒకినావా గురువు గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించాకే జపాన్ ప్రధాన దీవుల్లో పాతుకుంది.

అపోహ: ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్, ఆ వెంటనే మాస్టర్.

ఇది నన్ను అన్నిటికంటే బాధపెట్టేది. డబ్బు కడితే బెల్ట్ ఇచ్చేవాళ్లున్నారు. వారానికి రెండు మూడు క్లాసులు చేసే పిల్లకి నిజాయితీగా నాలుగైదేళ్లు పడుతుంది. బ్లాక్ బెల్ట్‌లోని మెట్లని డాన్ అంటారు. ఈ పద్ధతి జూడో నుంచి వచ్చింది, ఫునకోషి తన శిష్యులకి మొదటి డాన్ ఇచ్చింది 1924లో. ఆ పైన పదో డాన్ దాకా మెట్లున్నాయి. చాలా సంస్థల్లో రెండో డాన్‌కి రెండేళ్లు, మూడోదానికి మరో మూడేళ్లు ఆగాలి. నేర్పడానికి కోచింగ్ పరీక్ష, తీర్పు చెప్పడానికి రిఫరీ పరీక్ష వేరేగా రాయాలి. ఆడపిల్లలు రిఫరీ పరీక్ష వైపు తప్పక చూడాలి. ఒంటికి వయసు మీద పడ్డా ఆ దారి మూసుకుపోదు.

నేర్పడం అన్నిటికంటే కష్టం. నా ముందు వరసలో తెలుగు, ఒడియా, కొంధుల భాష కువి మాట్లాడే పిల్లలు కలిసి నిలబడతారు. ఇచి, ని, సాన్ అని జపనీస్‌లో ఒకటి, రెండు, మూడు లెక్క అందరికీ ఒకేలా కొత్త. మోకాలు ఎందుకు వంచాలో మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పాలి.

అపోహ: పెళ్లయి పిల్లలు పుడితే ఇక అంతే.

టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల కటా స్వర్ణం గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి సాండ్రా సాంచెజ్‌కి అప్పటికి 39 ఏళ్లు. జూడోలో కెయికో ఫుకుదాని ఆడమనిషి అన్న కారణంతోనే ఏళ్ల తరబడి ఐదో డాన్ దగ్గర ఆపేశారు. ఆమె నేర్పడం మానలేదు, 98 ఏళ్ల వయసులో 2011లో అమెరికా జూడో సంస్థ పదో డాన్ ఇచ్చింది. కాన్పు తర్వాత డాక్టర్ సరేనన్నాక స్టాన్సులతో (నిలబడే భంగిమలతో) మొదలుపెట్టండి, ఎగిరి తన్నే కిక్‌లు చివరికి ఉంచండి. బ్రౌన్ బెల్ట్‌తో మానేసిన అమ్మలు పిల్లల్ని దించడానికి వచ్చి బయట కూర్చుంటారు. వాళ్లని కూడా లోపలికి రమ్మంటాను.

అపోహ: మూడు నెలలు నేర్చుకుంటే ఎవరినైనా కొట్టేయొచ్చు.

ప్రభుత్వ బడుల్లో రాణి లక్ష్మీబాయి ఆత్మరక్ష శిక్షణ మంచి పథకమే, దానితో ధైర్యం మొదలవుతుంది. తనకంటే బరువైన మగవాడితో తలపడమని మాత్రం ఏ పిల్లకీ చెప్పను. గట్టిగా అరవాలి, చెయ్యి విడిపించుకోవాలి, జనం ఉన్న వైపు పరిగెత్తాలి. 112 పోలీసులకి, 181 మహిళలకి, 1098 పిల్లలకి. మా దగ్గర మొదటి వారంలో పంచ్ కంటే ముందు ఈ మూడు నంబర్లే అప్పజెప్పించుకుంటాం.