గట్టు తీసేసిన చెరువులో ఆమె ఎకరం ఎక్కడ?

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరిచేలు చేపల, రొయ్యల చెరువులవుతుంటే ముందు పోయేవి గట్లే. మేనరికమో, ఉన్న ఊరి సంబంధమో అయితే పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం, భర్త రెండెకరాలు పక్కపక్కనే ఉంటాయి. పొక్లెయిన్ పెట్టి మధ్యగట్టు తీసేస్తే మూడెకరాల చెరువు. లీజు డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. కాపురం సాగినన్నాళ్లు ఎవరూ లెక్క అడగరు. విడిపోయాక ఆమె ఎకరం కాగితంలో ఉంటుంది గానీ నేల మీద ఇదీ అని చూపించలేరు. ఆ కాగితమూ లేకపోతే చేతిలో ఏమీ మిగలదు.

విడాకులైతే భర్త ఆస్తిలో సగం వస్తుందని చాలామంది నమ్ముతారు. హిందూ వివాహ చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు. ఎందుకు లేదో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి డెల్టాకు కాలువ నీరు పారింది. ఇక్కడ ఆస్తంటే పొలమే. కలిగినవాళ్లు ఆడపిల్లకు నగలతోపాటు అరెకరమో ఎకరమో పసుపు కుంకుమగా ఇచ్చేవారు. కొడుకులతో సమానంగా కూతురికి వాటా లేని రోజులవి; తనదని చెప్పుకోగలిగింది ఈ స్త్రీధనమే. ఇవ్వడం మాత్రం చాలాసార్లు నోటిమాటే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇస్తే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. పందిట్లో పదిమంది ముందు చెప్పిన మాట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దాకా వెళ్లలేదు. పాస్‌బుక్కు తండ్రి పేరనో అన్న పేరనో ఉండిపోయింది. ఆ నిర్లక్ష్యానికి మూల్యం నేటికీ ఆడవాళ్లే చెల్లిస్తున్నారు.

డెల్టా అప్పట్లో మద్రాసు కింద ఉండేది కాబట్టి విడాకుల చట్టం మనకు కాస్త ముందే వచ్చింది. అంతకు ముందు కొన్ని కులాల్లో పెద్దల ముందు తెగదెంపులు, మారుమనువు ఉండేవి. తక్కిన హిందువులకు దారే లేదు. 1949లో మద్రాసు చట్టం రెండో పెళ్లిని నిషేధించి విడాకులకు వీలిచ్చింది. 1955లో దేశమంతటికీ హిందూ వివాహ చట్టం, 1976లో పరస్పర అంగీకార విడాకులు వచ్చాయి. ఆస్తి పంపకం ఊసు మాత్రం దేనిలోనూ సరిగా లేదు. హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షన్ ఉన్నా అది పెళ్లప్పుడు ఇద్దరికీ కలిపి ఇచ్చినవాటి గురించే. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభ దాటలేక మురిగిపోయింది. ఇది పెద్ద అన్యాయమనే మా అభిప్రాయం, ఎందుకంటే ఆ పొలం కొన్న ఏళ్లలో ఇంటి చాకిరీ అంతా ఆమెదే.

మిగిలింది అదే చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం. ఆ భరణానికి భర్త పొలం మీద చార్జి, అంటే ఆ పొలాన్నే భరణానికి హామీగా, వేయమని కోర్టును అడగవచ్చు. అడిగేవాళ్లు తక్కువ. డిక్రీ (కోర్టు తీర్పు) వచ్చాక నకలు సబ్ రిజిస్ట్రార్‌కు చేర్చి ఈసీలో, అంటే పొలం మీద ఉన్న లావాదేవీలు, బాధ్యతలు చూపే పత్రంలో, కనబడేలా చూసుకోవాలి. లేదంటే ఆయన అమ్మేస్తాడు, కొన్నవాడు నాకు తెలియదంటాడు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో చెప్పింది. రొయ్యకు వైరస్ తగిలి మునిగిపోయానని ఆయన రాస్తే లీజు అగ్రిమెంటు, పట్టుబడి (చెరువు పట్టినప్పటి) సరుకు అమ్మిన చీటీలు, చెరువు కరెంటు సర్వీసు ఎవరి పేర ఉందో చూపే బిల్లు తెప్పించమని అడగాలి.

పుట్టింటి వైపు కథ వేరు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. ఆ తేడాను 2005 కేంద్ర సవరణ తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు మాత్రం కదలవు. పసుపు కుంకుమ ఇచ్చేశాం కదా అని అన్నదమ్ములు అన్నంత మాత్రాన వాటా పోదు. వదులుకున్నట్టు ఆమె రిజిస్టరు చేసిందా అన్నది చూడాలి.

పిల్లల విషయంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1956 నాటి హిందూ మైనర్లు, సంరక్షకుల చట్టం రెండూ నడుస్తున్నాయి. తండ్రి సహజ సంరక్షకుడు, ఆయన తర్వాత తల్లి అని 1956 చట్టం రాసింది. ఆ ‘తర్వాత’కు అర్థం చనిపోయాక అని మాత్రమే కాదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉంటుంది. ఆపైన చూసేది బిడ్డ క్షేమం. పిటిషన్ వేయాల్సింది బిడ్డ నివసించే చోటి కోర్టులో. కోనసీమ, నరసాపురం నుంచి కువైట్ వెళ్లిన తల్లికి ఇక్కడే చిక్కు: బిడ్డను అమ్మమ్మకు వదిలేసి పోయిందని ఎదుటివాళ్లు వాదిస్తారు. నెలనెలా పంపిన డబ్బు రసీదులు, బడి ఫీజు రసీదులు, వీడియో కాల్స్ వివరాలు దాచుకోవాలి. ఫోన్లో, వీడియోలో బిడ్డతో మాట్లాడే అవకాశమూ ముఖ్యమేనని 2020లో సుప్రీంకోర్టు అంది.

పెద్దమనుషులు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించే విడాకులు, ఆ కులంలో ఆచారం ఉందని రుజువైతే తప్ప చెల్లవు. పిల్లల ఖర్చు ఇక అడగనని తల్లి సంతకం పెట్టినా ఆ హక్కు పిల్లలది, పోదు. రాజీ కోర్టులో చేసుకోవాలి. సర్వే నంబరు, సబ్ డివిజన్, సెంట్లతో సహా పొలం పిటిషన్ షెడ్యూల్లో (ఆస్తుల జాబితాలో) ఉండాలి; లేని పొలం రాజీలోకి వస్తే డిక్రీని రిజిస్టరు చేయించక తప్పదు. గట్టు తీసేసిన చెరువైతే పట్టుబడి అయి నీళ్లు తోడిన రోజుల్లోనే మండల సర్వేయరుతో కొలిపించి రాళ్లు వేయించుకోవాలి.

రాజీలో తగువు తెగక బిడ్డ పేర ఎకరం రాసేవాళ్లున్నారు. మంచి పనే. అయితే కోర్టు అనుమతి లేకుండా దాన్ని అమ్మడానికి వీల్లేదు, ఐదేళ్లు మించి లీజుకూ ఇవ్వకూడదు. ఐదేళ్ల లోపైనా బిడ్డకు పంతొమ్మిది దాటేలా ఉండకూడదు. పదహారేళ్ల అమ్మాయి చెరువును నాలుగేళ్లకు ఇవ్వాలన్నా అనుమతి కావాలి. అనుమతి లేకుండా అమ్మేస్తే, మేజరైన మూడేళ్లలోపు ఆ అమ్మాయే దావా వేసి అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు.