పాస్టరల్ ప్లాన్ వార్షిక సమీక్ష: మన విచారణల్లో వినబడే అపోహలు, అసలు వాస్తవాలు

తిరుపతిలో మా విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే కతోలిక గుడి, దాని కుటుంబాలు) పారిష్ కౌన్సిల్‌కు, అంటే ఫాదర్ గారికి సలహా ఇచ్చే విశ్వాసుల బృందానికి, తొమ్మిదేళ్ళుగా కార్యదర్శిని. చిత్తూరు వైపు విచారణల వాళ్ళు పిలిచినా వెళ్ళి వాళ్ళ సమీక్షలో కూర్చుంటాను. పాస్టరల్ ప్లాన్ అంటే విచారణ ఏం చేయాలనుకుంటోందో ఆ లక్ష్యాల పత్రం. అది రాసుకోవడానికి అందరూ ఉత్సాహంగా వస్తారు, ఏడాది తిరిగాక దాన్ని తెరిచి చూద్దాం అంటేనే ఒక్కొక్కరికి ఒక్కో పని గుర్తొస్తుంది. ఎక్కడికి వెళ్ళినా అవే మాటలు వింటున్నాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: సమీక్ష అంటే ఏడాదంతా చేసిన కార్యక్రమాలు చదివి వినిపించడం.

వాస్తవం: అది నివేదిక. దానితో ఆగిపోతే ఏం జరుగుతుందో మా విచారణలో జరిగినదే చెబుతాను.

మూడేళ్ళ కిందట మా ప్లాన్‌లో "మంచాన పడ్డవాళ్ళకు నెలనెలా ఇంటికి వెళ్ళి దివ్యసత్ప్రసాదం" అని, అంటే పూజలో ఇచ్చే పవిత్ర అప్పం ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వాలని, ఒక లక్ష్యం రాసుకున్నాం. సమీక్ష రోజు దాని పక్కన టిక్కు పెట్టేశాం, ఎందుకంటే ఒక్క నెల కూడా తప్పకుండా వెళ్ళాం. అప్పుడు కౌన్సిల్‌లో ఉన్న ఒక సిస్టర్ గారు, "ఆ పుస్తకం తీసుకురండి, పేర్లు చదువుదాం" అన్నారు. బ్రౌన్ పేపరు అట్ట వేసిన పొడుగు నోటుబుక్కు అది. తేదీ, ఇల్లు, వెళ్ళినవాళ్ళ సంతకం ఉంటాయి. జనవరి పేజీలో పద్నాలుగు పేర్లు. అక్టోబరు పేజీలో పన్నెండు, ఇద్దరు కాలం చేశారు. మధ్యలో కొత్త పేరు ఒక్కటి లేదు. ఇంత పెద్ద విచారణలో పది నెలల్లో కొత్తగా ఒక్కరు కూడా మంచాన పడలేదా అని సిస్టర్ గారు అడిగారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత యూనిట్లవారీగా (ఇరుగుపొరుగు కుటుంబాల చిన్న బృందాలు) విచారిస్తే కొర్లగుంటలో ఒక అవ్వ సంగతి బయటపడింది. అంతకుముందు బైరాగిపట్టెడలో ఉండేవాళ్ళు, అద్దె పెంచారని కొడుకు ఇల్లు మార్చాడు. పాత యూనిట్ లీడరు "ఇల్లు మారారు" అని పేరు కొట్టేశాడు, కొత్త యూనిట్‌కు వాళ్ళు వచ్చినట్టే తెలియదు. ఈలోగా అవ్వ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగి, రెండో అంతస్తు దిగలేక ఏడు నెలలుగా లోపలే ఉండిపోయింది. మేం వెళ్ళిన రోజు మెట్ల మీద మా చెప్పుల చప్పుడు వినగానే, ఎవరో కూడా చూడకుండా "ఏమి నాయనా, ఇన్నాళ్ళకు దావ తెలిసిందా" అంది. దిండు పక్కన జపమాల, ఆ పక్కనే బలిపూజ పాటల పుస్తకం, ఆదివారం ఆదివారం ఆ పాటలు తనే పాడుకునేదట.

తిరుపతిలో చాలామంది అద్దె ఇళ్ళలోనే ఉంటారు. పిల్లల స్కూలు కోసమో, ఉద్యోగం కోసమో ఏడాదికి, రెండేళ్ళకు మారుతూనే ఉంటారు. ఇల్లు మారితే యూనిట్ మారుతుంది, ఆ మధ్యలో మనిషి ఏ పుస్తకంలోనూ లేకుండా పోతారు. అందుకని ఇప్పుడు మా దగ్గర పేరు కొట్టేయడానికి లేదు. కొత్త చిరునామా రాసి, ఆ వారంలోనే అవతలి యూనిట్ లీడరుకు ఫోన్ చేసి, ఆ లీడరు పేరు కూడా పక్కనే రాయాలి. సమీక్షలో మొదటి ప్రశ్న కూడా మార్చుకున్నాం: ఈ ఏడాది మనం ఎవరి ఇంటికి వెళ్ళలేదు? విచారణ గురువు (ఫాదర్ గారు) కుటుంబాలను సందర్శించాలని, రోగులను ప్రత్యేకంగా ఆదుకోవాలని కతోలిక సంఘ (శ్రీసభ) చట్టమైన కానన్ లా 529వ సూత్రంలో ఉంది. ఆయన ఒక్కరే అన్ని మెట్లూ ఎక్కలేరు కదా, ఆ పేర్లు ఆయనకు చేర్చాల్సింది మనమే.

అపోహ: ఇది ఫాదర్ గారి తప్పులు వెతకడం.

వాస్తవం: ఈ భయం రెండు వైపులా ఉంటుంది, అందుకే చాలాచోట్ల సమీక్ష మొదలే కాదు. 536వ సూత్రం ప్రకారం పారిష్ కౌన్సిల్‌కు అధ్యక్షత వహించేది విచారణ గురువే, కౌన్సిల్‌ది సలహా ఇచ్చే పాత్ర. మరోవైపు 212వ సూత్రం, శ్రీసభ మేలుకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం గురువులకు తెలియజేసే హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా, విశ్వాసులకు ఉందంటుంది. ఆ రెండూ కలిపి చదువుకోవాలి. ఇంకో సంగతి, ఫాదర్లు బదిలీ అవుతారు, మనం ఇక్కడే ఉంటాం. ఏ లక్ష్యం ఎంతవరకు వచ్చింది, ఎందుకు ఆగింది అని రాసిన నాలుగు పేజీలు ఉంటే కొత్తగా వచ్చే ఫాదర్ గారు మొదటి నెలలోనే పని అందుకుంటారు. లేకపోతే ప్రతిసారీ మొదటికే వస్తాం, పాత ప్లాన్ బీరువాలోనే ఉండిపోతుంది.

అపోహ: డబ్బు లెక్క చెప్పేస్తే సమీక్ష అయిపోయినట్టే.

వాస్తవం: లెక్కలకు ఫైనాన్స్ కౌన్సిల్ వేరే ఉంది, 537వ సూత్రం ప్రకారం అది ప్రతి విచారణలో ఉండి తీరాలి. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క విశ్వాసులకు చెప్పాలని 1287వ సూత్రంలో ఉంది, చెప్పండి, నోటీసు బోర్డులో పెట్టండి. కానీ గ్రోటో (మరియమాత గుహ) రంగుల ఖర్చు మీద గంటన్నర వాదించుకుని, పిల్లలకు విశ్వాసం నేర్పే సత్యోపదేశం క్లాసులకు ఐదు నిమిషాలు ఇచ్చిన మీటింగులు నేను చూశాను. రెండు మీటింగులూ వేర్వేరు రోజుల్లో పెట్టుకోండి.

అపోహ: పూజకు జనం పెరిగారు, అంటే ప్లాన్ బాగా నడిచినట్టే.

వాస్తవం: మన ఊళ్ళో ఇది బాగా మోసం చేసే లెక్క. రుయాకు, స్విమ్స్‌కు వైద్యం కోసం వచ్చినవాళ్ళ బంధువులు, యూనివర్సిటీ విద్యార్థులు, హాస్టల్ పిల్లలు, కేరళ నుంచి వచ్చిన నర్సులు, ఒక్కో ఆదివారం ఒక్కో జనం. వాళ్ళు రావడం సంతోషమే, వాళ్ళ కోసం ప్లాన్‌లో ఏముంది అన్నది కూడా సమీక్షలో అడగాల్సిందే. కానీ క్రిస్మస్ రాత్రి బయటిదాకా నిలబడ్డ జనాన్ని చూసి ఏదీ తేల్చకూడదు. మేం చూసేది రిజిస్టర్లు. జ్ఞానస్నాన రిజిస్టరులోనే భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), వివాహం కూడా నమోదు చేయాలని 535వ సూత్రం చెబుతోంది కాబట్టి ఒక్కో పేరును పట్టుకుని ముందుకు వెళ్ళవచ్చు. మూడేళ్ళ కిందట ప్రథమ దివ్యసత్ప్రసాదం తీసుకున్న పిల్లల జాబితా తీసి, ఇప్పుడు ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అని పేరుపేరునా చూడండి. ఒక్క మధ్యాహ్నం చాలు, మనసు కలుక్కుమంటుంది.

అపోహ: డిసెంబరులో ఒకరోజు కూర్చుంటే సరిపోతుంది.

వాస్తవం: డిసెంబరులో క్యారల్స్, పశువులపాక, కొత్త బట్టలు, ఎవరికీ తీరిక ఉండదు. చిత్తూరు వైపు జూన్, జూలైలో కూడా పెట్టొద్దు, తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే రోజులు, తోటలవాళ్ళు, కూలీలు, లారీలవాళ్ళు ఎవరూ రాలేరు. వాళ్ళు లేని సమీక్షలో ఉద్యోగస్థుల మాటే మిగులుతుంది. పూజా సంవత్సరం నవంబరులో క్రీస్తురాజు మహోత్సవంతో ముగింపుకు వస్తుంది, అందుకని మేం అక్టోబరులో రెండు ఆదివారాలు పెట్టుకుంటాం. మొదటి ఆదివారం వినడమే, యూనిట్లవాళ్ళు మాట్లాడతారు, కౌన్సిల్ రాసుకుంటుంది. తమిళం మాట్లాడే కుటుంబాలు ఉన్న యూనిట్లలో, వాళ్ళు యూనిట్‌ను అన్బియం అంటారు, తమిళంలోనే చెప్పనివ్వండి. రెండో ఆదివారం నిర్ణయాలు.

అపోహ: ఇదంతా కంపెనీల పద్ధతి, గుడికి ప్రార్థన చాలు.

వాస్తవం: ప్రార్థన లేకుండా మేం ఏ మీటింగూ మొదలుపెట్టం. కానీ సినడాలిటీ (శ్రీసభలో అందరూ కలిసి నడవడం) మీద జరిగిన బిషప్పుల సభ, సినడ్, 2024 అక్టోబరులో ఇచ్చిన తుది పత్రం పారదర్శకత, జవాబుదారీతనంతో పాటు మూల్యాంకనం గురించి కూడా ప్రత్యేకంగా మాట్లాడుతుంది. అంతకంటే ముందు లూకా 13వ అధ్యాయం ఉంది. మూడేళ్ళుగా కాయని అంజూరపు చెట్టును యజమాని నరికేయమంటే, తోటమాలి ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అంటాడు. మామిడి తోటలున్న మన జిల్లాల్లో ఈ ఉపమానాన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక లక్ష్యం కాయలేదని రాయడానికి సిగ్గుపడొద్దు, ఈ ఏడాది ఏం ఎరువు వేస్తామో కూడా దాని పక్కనే రాయండి.

మా యువత సమావేశాలు రెండేళ్ళుగా కాయలేదు. ఆదివారం పూజ అయ్యాక పెట్టేవాళ్ళం, పిల్లలకు అదే సమయంలో కోచింగ్ పరీక్షలు ఉంటాయి. ఏడుగురు, ఎనిమిదిమంది వచ్చేవాళ్ళు. తీసేద్దామని కొందరన్నారు. ఒక్క ఏడాది గడువు ఇచ్చి శనివారం సాయంత్రానికి మార్చాం, నడిపే బాధ్యత డిగ్రీ చదివే ఇద్దరికే ఇచ్చాం, వాళ్ళు అడిగిన మొదటి పని కొర్లగుంట అవ్వలాంటి వాళ్ళ ఇళ్ళకు తామే వెళ్తామని. ఆ సందర్శన పుస్తకం ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉంది. వచ్చే అక్టోబరులో తెచ్చి, పేర్లు వాళ్ళే చదువుతారు.