పాత కారుకి అందం ఎక్కడిది? రంగు కొట్టించే ముందు ఒక్కసారి చదవండి (అపోహలు - వాస్తవాలు)

పోయిన నెల కావలి నుంచి ఒక పెద్దాయన వాళ్ళ నాన్నగారి అంబాసిడర్‌ని లారీ మీద ఎక్కించుకొని నెల్లూరులో మా షెడ్డుకి తెచ్చారు. 1971 బండి, మార్క్ 2. కిందికి దించకముందే అడిగేశారు: "అబ్బయా, ఫుల్ పెయింట్ కొట్టి అద్దంలా మెరిపించాలంటే ఎంతవుద్ది?"

ఈ మాట నాకు వారానికోసారైనా వినపడుతుంది. ఇరవై రెండేళ్ళుగా టింకరింగ్, పెయింటింగ్ పనిలో ఉన్నాను. నా కళ్ళముందు పాత బండ్లు తుప్పుతో పాడైనదానికంటే ఈ ఆలోచనతో పాడైందే ఎక్కువ.

అపోహ: కొత్త రంగు పడితే పాత కారుకి అందం వస్తుంది.

వాస్తవం: ఆ అందం రేకు తిరిగిన తీరులో ఉంది. రేకు చెడ్డాక ఎంత ఖరీదైన రంగు వేసినా డబ్బు దండగ.

అంబాసిడర్ ముందు మడ్‌గార్డ్ మీద అరచెయ్యి ఆనించి అలాగే వెనక్కి నడవండి. బల్లపరుపుగా ఉన్న చోటు దాదాపు తగలదు. రేకు తలుపుల దగ్గర సన్నగా దిగి, వెనక తలుపు మీద మళ్ళీ లేచి, చక్రం చుట్టూ నిండుగా తిరిగి దీపం దగ్గర ఆగుతుంది. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి దిద్దిన ఒంపు అది. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివరి నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారలో దాదాపు ఆ బాడీతోనే బండ్లు చేశారు. గ్రిల్ మారింది, ఇంజన్ మారింది, ఆ ఒంపు నిలబడింది. ఒంగోలు గిత్తని బేరం చేసేవాడు కొమ్ములకి పూసిన రంగు చూస్తాడా? మూపురం చూస్తాడు, గంగడోలు చూస్తాడు, నాలుగు కాళ్ళ మీద నిలబడిన తీరు చూస్తాడు. కారుకీ అంతే.

ఇప్పుడు ఫుల్ పెయింట్ పేరుతో చాలాచోట్ల జరిగేది చెప్తాను. సొట్టని వెనక నుంచి డాలీ (రేకుకి ఆనించి పట్టుకునే ఇనప దిమ్మ), సుత్తి పెట్టి తీయాలంటే రోజులు పడుతుంది. పుట్టీ (గుంటలు పూడ్చే ముద్ద) మెత్తితే గంటలో పని అయిపోతుంది. పైన ఎమరీ పేపర్‌తో రుద్దేటప్పుడు నిండుగా ఉండాల్సిన ఒంపు చదునవుతుంది, పదునుగా ఉండాల్సిన గీత మొద్దుబారుతుంది. డెలివరీ రోజు బండి తళతళలాడుతుంది. కానీ పుట్టీ తేమ పీలుస్తుంది. పైగా మనది మైపాడు, కృష్ణపట్నం ఉప్పుగాలి. లోపల రేకు తుప్పు పట్టి, ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి రంగు కింద బుడగలు లేస్తాయి. మళ్ళీ గీకడం, మళ్ళీ పుట్టీ. అలా రెండు మూడు సార్లు అయ్యేసరికి అసలు రేకు చిల్లులు పడి ఉంటుంది.

కావలి బండిని ఆ రాత్రి షెడ్డులోనే పెట్టి, ఒక్క ట్యూబ్‌లైట్ ఉంచి మిగతావి ఆపేశాను. పెద్దాయన్ని వంగి, రేకులో ఆ లైటు నీడగా కనపడే తెల్లటి గీతని చూడమన్నాను. ముందు తలుపు మీద గీత తిన్నగా పోయింది. వెనక మడ్‌గార్డ్ మీదికి రాగానే నీళ్ళల్లో తాడులా వణికింది. జేబురుమాలులో అయస్కాంతం చుట్టి ఇచ్చాను. ముందు మడ్‌గార్డ్‌కి టక్కున అంటుకుంది, వెనకదాని మీద నిలవకుండా జారిపోయింది. పొద్దున గీకితే వేలి మందాన పుట్టీ, ఒకదాని మీద ఒకటి మూడు పొరలు. అడుగున పాత సొట్ట ఎక్కడిదక్కడే ఉంది, దాని మీద ఒక్క సుత్తి దెబ్బ కూడా పడలేదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాన్న ఉన్నప్పుడే చేయించాం అబ్బయా, అరవై వేలు తీసుకున్నారు" అన్నారు. ఆయన తప్పేముంది? నాన్న బండి బాగుండాలనుకున్నారు, అడిగినంత ఇచ్చారు. ఇలాంటివాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో సంగతి. అంబాసిడర్‌కి విడిగా చాసిస్ (బండి బరువు మోసే అడుగు చట్రం) ఉండదు, బాడీయే చాసిస్. తలుపుల కింద రేకు పెట్టెలు తుప్పుతో బలం పోగొట్టుకుంటే బండి నడుము వంగుతుంది. అప్పుడు తలుపు సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటుంది. చూడ్డానికి వికారంగా ఉన్న ఆ సందు నిజానికి ప్రమాదం గురించిన హెచ్చరిక. దాన్ని కూడా పుట్టీతో సరిచేసేవాళ్ళున్నారు, దయచేసి చేయనివ్వకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

పాత రేకు మందం, దానికి తుప్పు పట్టదంటారు. పడుతుంది, చిల్లు పడ్డానికి కాస్త ఎక్కువ కాలం తీసుకుంటుందంతే.

మచ్చలు పడిన బంపర్‌కి మళ్ళీ క్రోమ్ వేయిస్తే చాలనుకుంటారు. క్రోమ్ పొర చాలా పలచన, కింద గుంటలుంటే గుంటలే మెరుస్తాయి. పైపై తుప్పయితే వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్‌ని నీళ్ళల్లో తడిపి రుద్ది చూడండి, చాలావరకు పోతుంది.

వెడల్పు టైర్లు, అల్లాయ్ వీల్స్ వద్దు. అంబాసిడర్‌కి సన్నటి 15 అంగుళాల చక్రం, ఆ కాలపు ఇంకో కారు ప్రీమియర్ పద్మినికి 14. ఆ కొలతకి తగ్గట్టే మడ్‌గార్డ్ ఒంపు వేశారు. టైరు లావైతే బండి కూలబడినట్టుంటుంది, స్టీరింగ్ తిప్పలేక భుజాలు పోతాయి.

పదిహేనేళ్ళు దాటిన ప్రతి బండినీ తుక్కు చేస్తారని వాట్సాప్‌లో తిరిగే మాటకి భయపడి అమ్ముకోకండి. మన దగ్గర ఫిట్‌నెస్ ఉన్న సొంత కారుకి ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేస్తారు. 50 ఏళ్ళు దాటినవాటికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కాకపోతే దానికి బండి అసలు రూపం చెడకూడదు, ఆ రిజిస్ట్రేషన్‌తో రోజూ రోడ్డు మీద తిప్పడానికీ లేదు.

ఈ పని నేను మద్రాసు పుదుపేటలో నేర్చుకున్నాను. అక్కడ మొదట ముట్టుకున్న బండి స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులోనే తయారైంది. దాన్ని గీసింది ఇటలీ ఆయన, మికెలోట్టి. బానెట్, రెండు మడ్‌గార్డులు కలిపి ఒక్కటిగా ముందుకి లేస్తుంది. మా మేస్త్రి నా చేతికి పలచటి నూలుగుడ్డ ఇచ్చి, కళ్ళు మూసుకొని ఆ బానెట్ మీద నిమరమనేవాడు. గుడ్డ మధ్యలో ఉంటే వేళ్ళు రేకుకి పట్టవు, ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. ఆరు నెలలు నాకు సుత్తి ఇవ్వలేదు.

కావలి బండి వెనక మడ్‌గార్డ్‌కి పదకొండు రోజులు పట్టింది. టాపు, బానెట్ మీద పాత రంగు గట్టిగానే ఉంది, కాంపౌండ్‌తో (రంగుకి మెరుపు తెచ్చే పాలిష్) రుద్ది వదిలేశాను. కొత్త రంగు వేసింది ఆ ఒక్క మడ్‌గార్డ్‌కే. ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టే ముందు రోజు పెద్దాయన వస్తే ఆయన చేతికి అలాంటి గుడ్డే ఇచ్చాను. కళ్ళు మూసుకొని నెమ్మదిగా నిమిరి, దీపం పైన ఒకచోట ఆగారు. "ఇక్కడేదో తగులుతోంది అబ్బయా." నేనూ పెట్టి చూశాను. నిజమే, నా చేతికి అందని చిన్న పల్లం. ప్రైమర్ డబ్బా పక్కన పెట్టి మళ్ళీ డాలీ తీశాను.